మాట్లాడుకోవడానికి ఎంత ఖర్చు పెట్టొచ్చు?

ప్రశ్న: నేనూ మా ఆవిడా ఇద్దరం ఉద్యోగస్తులం. ఇంట్లో పిల్లలు, ఫోన్లు, పనులు. అందుకే వారానికోసారి రాత్రి భోజనానికి బయటికెళ్లి తీరిగ్గా మాట్లాడుకుంటాం. నెలలో ఒకసారి ఇంకో జంట కూడా కలుస్తుంది. చవక రెస్టారెంట్లలో గోలకి ఒకరి మాట ఒకరికి వినపడదు. పైగా ఆవిడకి కుడి చెవి కాస్త మందం. దాంతో ఖరీదైన చోటికి అలవాటు పడ్డాం. ఇద్దరి జీతాల్లో 9 శాతం దీనికే పోతోంది. పొదుపేమో 12 శాతం దాటడం లేదు. రెండు నెలలుగా క్రెడిట్ కార్డు బిల్లు కూడా పూర్తిగా కట్టలేకపోతున్నాం. ఈ అలవాటు మానేయాలా?

జవాబు: మానొద్దు. మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకునే ఆ గంటన్నరని నేను దుబారా కింద రాయను. అయితే 9 శాతం మాత్రం ఎక్కువే. ఒక్క వారం కూడా ఎగ్గొట్టకుండా దీన్ని 5 శాతంలో సరిపెట్టుకోవచ్చు.

మీక్కావలసింది ప్రశాంతత. బిల్లు కడుతున్నది భోజనానికీ, అలంకరణకీ, ఆ చోటుకున్న పేరుకీ. ధర ఎక్కువైతే గోల తక్కువగా ఉంటుందని నమ్మకం ఏమీ లేదు. కొత్తగా వచ్చే ఖరీదైన రెస్టారెంట్లు చాలావాటిలో పూత లేని సిమెంటు గోడలు, నిలువెత్తు గాజు, పైపులన్నీ బయటికి కనిపించే పైకప్పు, హాల్లోకే తెరిచి ఉండే వంటగది. ఫొటోల్లో బాగుంటుంది. కానీ శబ్దాన్ని పీల్చుకునేది అక్కడ ఏదీ ఉండదు. 1890ల్లో హార్వర్డ్‌లో వాలెస్ సాబిన్ అనే భౌతికశాస్త్రవేత్త ఒక లెక్చర్ హాలులో మాట అర్థం కావడం లేదంటే, ఇంకో హాలు నుంచి కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, ఎన్ని మెత్తలు వేస్తే ప్రతిధ్వని ఎంత తగ్గుతుందో రాత్రుళ్లు కొలిచాడు. ఆయన లెక్క మన భోజనానికీ పనికొస్తుంది. ఇకపై రెస్టారెంట్ ఫొటోల్లో వంటకాలు కాకుండా నేలా, పైకప్పూ చూడండి. తివాచీ, మందపాటి తెరలు, గుడ్డ తొడిగిన సోఫాలు, చిన్నచిన్న రంధ్రాల పలకలతో కాస్త తక్కువ ఎత్తులో ఉన్న సీలింగ్ కనిపిస్తే ఆశ పెట్టుకోవచ్చు. ఇలాంటివి పాతబడిన, ఫ్యాషన్ దాటిపోయిన మధ్యతరగతి రెస్టారెంట్లలోనే ఎక్కువ దొరుకుతాయి. అక్కడ ధరలూ కాస్త కిందే ఉంటాయి.

జనం పెరిగేకొద్దీ గోల ఎందుకంత వేగంగా పెరుగుతుందో కూడా చెప్పాలి. చుట్టూ శబ్దం ఎక్కువైతే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రెంచ్ వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లో దీన్ని వివరించాడు. పక్క టేబుల్ వాళ్లు గొంతు పెంచితే మీరూ పెంచుతారు, మీరు పెంచితే వాళ్లు ఇంకాస్త. మామూలు మాట ఒక మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. హాలు 75 దాటిందంటే మీది ఇక సంభాషణ కాదు, అరుపులే. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు గోలగా అనిపిస్తుంది. ఫోన్లో శబ్దం కొలిచే ఉచిత యాప్‌లు ఉన్నాయి. పక్కాగా చూపించకపోయినా రెండు చోట్లని పోల్చి చూసుకోవడానికి చాలు.

డబ్బు ఎక్కువగా మిగిలేది మాత్రం చోటు మార్చడం కంటే వేళ మార్చడంలో. రెస్టారెంట్ యజమాని అద్దె కట్టాల్సిందే, హాలు నిండినా నిండకపోయినా. వంటవాళ్ల జీతాలూ అంతే. అందుకే వారం మధ్యలో, రద్దీకి ముందు ఖాళీగా ఉన్న టేబుల్ చూస్తే ఆయనకి ప్రాణం ఉసూరుమంటుంది. ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటే చాలని డిస్కౌంట్లూ, ఒకే ధరకి పూర్తి భోజనమూ ఆ వేళకే పెడతాడు. మనుషులు తక్కువ కాబట్టి గోల తగ్గేదీ అప్పుడే. చోటుని బట్టి చూస్తే చవకకీ ప్రశాంతతకీ పొత్తు కుదరదనిపిస్తుంది గానీ, వేళని బట్టి చూస్తే రెండూ ఒకేసారి దొరుకుతాయి. మీరు వెళ్లేది బహుశా వారాంతంలో, రాత్రి బాగా రద్దీగా ఉండే వేళ అనుకుంటాను. అంటే ఊరంతా కోరుకునే గంటని అందరితో పోటీపడి కొంటున్నారు. వారం మధ్యలోకి జరిపి, ఆఫీసు నుంచి నేరుగా కలుసుకుంటే ఇంటికి త్వరగా చేరుకోవచ్చు కూడా.

ఇంకో రకం చోట్లు కూడా చూడండి. ఆఫీసులు ఎక్కువున్న వీధుల్లో మధ్యాహ్నం వ్యాపారం మీద బతికే రెస్టారెంట్లు రాత్రికి వెలవెలబోతుంటాయి. కూర్చోబెట్టుకుని బాగా చూసుకుంటారు. కాకపోతే ఖాళీగా ఉన్నదంటే వంట బాగోకపోవడం వల్ల కూడా కావచ్చు. మొదటిసారి తక్కువ ఆర్డర్ చేసి రుచి చూడండి.

టేబుల్ బుక్ చేసే ముందు, మీరు వెళ్లాలనుకున్న వేళకే అంతకుముందు వారం ఫోన్ చేయండి. అవతలి వైపు ఎత్తినవాడి మాట మీకు సరిగ్గా వినపడుతోందా? లేకపోతే వేరే చోటు చూసుకోండి. వినపడితే, ఆ రోజు పాటల కార్యక్రమం గానీ, పెద్ద గుంపు బుకింగ్ గానీ ఉందేమో అడగండి. స్పీకర్‌కీ, వంటగది తలుపుకీ దూరంగా మూల టేబుల్ కావాలని చెప్పండి. దీనికి ఎవరూ డబ్బు అడగరు.

కూర్చునే తీరు కూడా ముఖ్యం. పెద్ద టేబుల్ ఇస్తే సంబరపడకండి. మాట్లాడే మనిషికి దూరం సగం తగ్గితే నేరుగా వచ్చే మాట 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఇరుకు టేబులే మీకు మేలు. ఎదురెదురుగా కాకుండా మూలకి అటొకరు ఇటొకరు కూర్చుని, మీరు ఆవిడ ఎడమ పక్కన ఉండండి. ఆవిడ మంచి చెవి మీ వైపు ఉంటుంది, హాల్లో గోల కుడి వైపుకి పోతుంది. ఇదంతా చేసినా కష్టంగా ఉంటే ఒకసారి వినికిడి పరీక్ష చేయించండి. ఒక ఖరీదైన భోజనం మానేసి ఆ డబ్బు అక్కడ పెట్టమన్నా పెడతాను నేను.

ప్రశాంతమైన చోటుకి ఒక దాగిన ఖర్చు ఉంది. రొనాల్డ్ మిలిమన్ 1986లో ప్రచురించిన పరిశోధనలో, నెమ్మదైన సంగీతం పెట్టిన రాత్రులు జనం ఎక్కువసేపు కూర్చున్నారు. భోజనం ఖర్చు పెద్దగా మారలేదు, పానీయాల బిల్లు పెరిగింది. మీకూ అదే జరుగుతూ ఉండొచ్చు. కబుర్లు సాగుతుంటే వెయిటర్ వచ్చి ఇంకేమైనా కావాలా అంటాడు, ఊరికే కూర్చోవడం మొహమాటం అనిపించి ఏదో ఒకటి చెప్పేస్తాం. తాగేది ఎంతో, చివర్లో తీపి ఉందో లేదో లోపలికి వెళ్లకముందే అనేసుకోండి.

స్నేహితులతో వెళ్లినప్పుడు బిల్లు సమానంగా పంచుకుంటున్నారా? యూరి గ్నీజీ, మరో ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు 2004లో ప్రచురించిన ప్రయోగంలో, ఎవరి బిల్లు వాళ్లు కట్టినప్పటి కంటే సమానంగా పంచుకున్నప్పుడు ఒక్కో మనిషి ఆర్డర్ మూడో వంతుకి పైగా పెరిగింది. ఎవరూ చెడ్డవాళ్లు కారు, భారం నలుగురి మీదా పడుతుందంటే చెయ్యి కాస్త ధారాళమవుతుంది, అంతే. ఒక నెల పూర్తిగా మీరు, ఇంకో నెల వాళ్లు కట్టే పద్ధతి పెట్టుకున్నా ఈ ధోరణి పూర్తిగా పోదు. కూర్చోగానే విడివిడి బిల్లులు అడిగేస్తే గొడవ వదిలిపోతుంది.

ఇక లెక్క. ఇప్పుడు నాలుగు భోజనాలకి 9 శాతం, అంటే ఒక్కోటి రెండుంపావు. ఇందులో మూడింటిని వారం మధ్యలో, మధ్యతరగతి చోట్లలో పెట్టుకోండి. ఒక్కోటి 1 శాతం దాటకూడదు. నాలుగోది మీకు నచ్చిన ఆ ఖరీదైన చోటే కానివ్వండి, అదనపు ఆర్డర్లు తగ్గించుకుని 2 శాతంలో. మొత్తం 5. నెల మొదట్లోనే ఈ సొమ్ము వేరే ఖాతాలో వేసి, భోజనాలకి అక్కడి నుంచే కట్టండి. క్రెడిట్ కార్డు ఇంట్లో వదిలి వెళ్లండి.

మిగిలిన 4 శాతం వెంటనే పొదుపులోకి పోకూడదు, ముందు కార్డు బాకీకి. కార్డు మీద వేసే వడ్డీని మించిన రాబడి ఇచ్చే నమ్మకమైన పొదుపు పథకం దొరకడం కష్టం. పైగా బాకీ మిగిలి ఉంటే కొత్తగా వాడిన దానికి కూడా వడ్డీ లేని గడువు సాధారణంగా పోతుంది, అంటే ఈ వారం భోజనానికి మొదటి రోజు నుంచే వడ్డీ. బాకీ తీరాక ఆ 4 శాతాన్ని పొదుపుకి మళ్లించండి, 12 కాస్తా 16 అవుతుంది.

ఏడాదికి ముందే డబ్బు కడితే ప్రతి భోజనానికీ తగ్గింపు అంటూ మెంబర్‌షిప్‌లు అమ్ముతారు. తీసుకోవద్దు. కట్టిన డబ్బు రాబట్టాలన్న ఆరాటంలో నాలుగుసార్లు కాస్తా ఆరుసార్లు వెళ్తారు, అదీ వాళ్లు చెప్పిన చోటికే.