గడ్డ కొలత, మిగులు లెక్క

తమ్ముడూ,

నీ కథ నిన్న సాయంత్రం ఆర్కే బీచ్ గట్టు మీద కూర్చుని చదివాను. పూర్ణా మార్కెట్ కొట్టు, బేరాలు బాగా కుదిరాయి. ఆసుపత్రి గుమ్మం దాటాకే కథ చెయ్యి జారింది. "లివర్‌లో క్యాన్సర్ గడ్డ ఉంది, కోసేస్తే సరి" అని డాక్టరు చేత అనిపించావు. కథలో తండ్రికి తాగుడు వల్ల సిరోసిస్, అంటే లివర్ గట్టిపడే జబ్బు, అని రెండు పేజీల ముందు నువ్వే రాశావు కదా!

లివర్ మళ్ళీ పెరుగుతుంది, నిజమే. ఆ ధైర్యంతోనే కోస్తారు. ఆరోగ్యంగా ఉన్న లివర్ అయితే పావు వంతు మిగిలినా నెట్టుకొస్తుంది. సిరోసిస్‌తో గట్టిపడ్డదైతే సుమారు 40 శాతం మిగలాలి. పొట్టలో నీరు చేరి, కళ్ళు పచ్చబడ్డ మనిషిని కోస్తే గడ్డతో పాటు మనిషీ పోవచ్చు. ఒకవేళ గట్టెక్కినా, జబ్బు పట్టిన ఆ మిగిలిన లివర్‌లోనే ఐదేళ్ళలో మళ్ళీ గడ్డ లేచేవాళ్ళు సగానికి పైనే. స్కాన్ ముందు పెట్టుకుని ఈ మిగులు లెక్క వేస్తున్న సర్జన్ని చూపించు. ఆయన చేత ఒక్క మాటా అనిపించక్కర్లేదు.

లివర్ మార్పిడి చేస్తే గడ్డా పోతుంది, సిరోసిసూ పోతుంది. కానీ దానికో కొలత ఉంది. 1996లో ఇటలీలో మిలాన్ డాక్టర్లు పెట్టారు: ఒక్కటే గడ్డయితే 5 సెంటీమీటర్లు, మూడు దాకా ఉంటే ఒక్కొక్కటి 3 మించకూడదు. రక్తనాళాల్లోకి పాకకూడదు, లివర్ దాటకూడదు. తర్వాత కొందరు కాస్త సడలించారనుకో. నీ కథలో గడ్డ కొబ్బరికాయంత! నిమ్మకాయంత చెయ్యి. అవయవం దొరికేదాకా అది పెరక్కుండా రక్తనాళం గుండా మందు పంపుతారు. ఆ ఎదురుచూపులో, ప్రభుత్వం నడిపే అవయవదాన పథకం జీవన్‌దాన్ జాబితాలో పేరు రాయించి ఫోన్ మోగితే ఉలిక్కిపడే ఇంట్లో, నీ కథ ఉంది.

(నా తొలి కథలో గుండెపోటు వచ్చినాయనకి దగ్గుమందు పట్టించాను. ఒక నర్సమ్మ రాసిన ఉత్తరం ఇంకా దాచుకున్నాను.)

ఇక కూతురు. లివర్ ఇస్తానంది, ఇచ్చేసింది, రెండు వాక్యాలు! పెద్దవాళ్ళకి ఇచ్చేటప్పుడు మామూలుగా కుడివైపు భాగం, అంటే సగానికి పైన, తీస్తారు. బ్లడ్ గ్రూపు కుదరాలి, ఆమె లివర్‌లో కొవ్వు ఎక్కువ ఉండకూడదు. దాతకీ ప్రాణభయం కొంత ఉంటుంది. తండ్రి నిజంగా తాగుడు మానాడా అని కూడా డాక్టర్లు గుచ్చి గుచ్చి అడుగుతారు. ఆ ప్రశ్న కూతురి ముందే అడిగించు.

ఆమెకి చంటిపిల్ల ఉందన్నావు. అల్లుడు ఏమన్నాడో మాత్రం ఎక్కడా లేదు. అది రాశాక పంపు.

మీ అన్నయ్య