ఆరుగురున్నారట, రాత్రికి మాత్రం ఒక్కతే

ప్రశ్న: మేడమ్‌గారూ, నమస్తే. మా అమ్మాయి జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివి ఏడాదిన్నరగా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేస్తోంది. 18 పడకల వార్డు. నైట్ డ్యూటీలో చాలాసార్లు తనొక్కతే ఉంటోంది. పొద్దున ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా పడుకుంటుంది, నిద్రలో ఉలిక్కిపడి ‘ఐదో బెడ్‌కి ఇంజెక్షన్ ఇచ్చానా?’ అంటుంది. మేనేజ్‌మెంట్‌ని అడిగితే ‘వార్డుకి ఆరుగురున్నారు, మూడు బెడ్లకు ఒకరు, రూల్ ప్రకారమే ఉన్నాం’ అన్నారట. నిజమేనా? మాన్పించెయ్యమంటారా?
– ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, నేనూ ముప్పయ్యేళ్లకు పైగా వార్డుల్లో తిరిగినదాన్నే, ఆ ఉలికిపాటు నాకు బాగా తెలుసు. మీ అమ్మాయికి ధైర్యం చాలక వచ్చింది కాదది, పని ఎక్కువై వచ్చింది.

వాళ్లు చెప్పింది సగం లెక్క. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాల్లో బోధనాసుపత్రుల జనరల్ వార్డుకి 3 పడకలకు ఒక నర్సు అని ఉన్నమాట నిజమే (మామూలు ఆసుపత్రులకు 5 పడకలకు ఒకరు). కానీ ఆ ఒకరు మూడు షిఫ్టులకూ కలిపి, అంటే ఏ షిఫ్టులో చూసినా 9 మందికి ఒకరు పడతారు. పైగా సెలవుల కోసం ఇంకో 30 శాతం మందిని అదనంగా పెట్టుకోవాలని కూడా ఉంది. ఆ వాక్యం మాత్రం ఎవరికీ గుర్తుండదు! వాళ్లు చెప్పిన మూడు పడకల లెక్కనే మీ అమ్మాయి వార్డుకి వేసి చూడండి. 18 పడకలకు ఆరుగురు, సెలవులకు ఇంకో ఇద్దరు, మొత్తం ఎనిమిది మంది కావాలి. ఆరుగురితోనే నడిపితే షిఫ్టుకి ఇద్దరు రావాలంటే ఎవరికీ వీక్లీ ఆఫ్ ఉండకూడదు, జ్వరం రాకూడదు, పెళ్లి కాకూడదు, ప్రసవం కాకూడదు. ఒకరు ఆఫ్‌లో, ఇంకొకరు సెలవులో ఉన్న రోజున కోత పడేది రాత్రి షిఫ్టుకే, ఎందుకంటే పగలైతే డాక్టర్లు, బంధువులు అందరూ చూస్తుంటారు.

ఇంకో లెక్క. చాలా ప్రైవేటు ఆసుపత్రుల్లో నైట్ అంటే ఎనిమిది నుంచి ఎనిమిది దాకా, 720 నిమిషాలు. 18 మందికి పంచితే మనిషికి 40 నిమిషాలు, రాత్రి మొత్తానికి. అందులోనే బీపీ, టెంపరేచర్ రెండుమూడుసార్లు చూడాలి, యాంటీబయాటిక్ కలిపి ఎక్కించాలి, సెలైన్ మార్చాలి, షుగర్ చూసి ఇన్సులిన్ ఇవ్వాలి, మూత్రం ఎంత వచ్చిందో రాయాలి, ఫైళ్లు పూర్తిచెయ్యాలి, తెల్లారి రక్తం శాంపిళ్లు తియ్యాలి. ఒక్కరికి ఆయాసం మొదలై గంటసేపు ఆ మంచం దగ్గరే ఉండిపోతే మిగతా పదిహేడు మంది సంగతేమిటి? ఇదేదో నర్సుల సౌకర్యం కోసం అడుగుతున్నది కాదమ్మా. అమెరికాలో పెన్సిల్వేనియా ఆసుపత్రుల మీద 2002లో వచ్చిన పరిశోధనలో, నర్సుకి ఒక్క రోగి పెరిగిన కొద్దీ ఆపరేషన్ అయినవాళ్లు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది.

మాన్పించడం గురించి ఇప్పుడే తొందరపడొద్దు. ముందు అమ్మాయిని ప్రతి రాత్రీ రిపోర్ట్ బుక్‌లో ‘రోగులు 18, డ్యూటీలో ఒకరు, సీరియస్ కేసులు ఇన్ని’ అని రాయమనండి, సూపర్‌వైజర్‌కి నోటితో చెప్పి ఊరుకోకుండా వాట్సాప్‌లోనైనా మెసేజ్ పెట్టమనండి. చూడని బీపీని చూసినట్టు మాత్రం ఎన్నడూ రాయొద్దు, రేపు ఏదైనా జరిగితే ఆ సంతకం ఆమెదే అవుతుంది. రెండు మూడు నెలలు ఇలా రాతలో పెట్టినా మార్పు లేకపోతే అనుభవ ధ్రువపత్రం తీసుకుని వేరేచోట చేరమనండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఏ ఆసుపత్రిలోనూ ఇచ్చి ఉంచొద్దు.

ప్రశ్న: మా నాన్నగారికి సెలైన్ అయిపోయిందని పిలిస్తే నర్సు 25 నిమిషాలకు వచ్చింది, పైగా విసుక్కుంది. కంప్లైంట్ ఇస్తే తప్పా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తప్పేం కాదు బాబూ, ఇవ్వండి. విసుక్కోవడాన్ని నేను వెనకేసుకురాను. అయితే అందులో ఆ షిఫ్టులో ఎంతమంది రోగులకు ఎందరు నర్సులున్నారో కూడా అడిగి రాయండి. అది లేకపోతే ఆ అమ్మాయికి మెమో ఇచ్చి ఫైలు మూసేస్తారు, ఇంకో నర్సుని మాత్రం వెయ్యరు. కాలిఫోర్నియాలో 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలుచేస్తున్నారు, అక్కడ మామూలు వార్డులో నర్సుకి 5గురు, ఐసీయూలో ఇద్దరు మించకూడదు, ఆమె భోజనానికి వెళ్లినా ఆ లెక్క తప్పకూడదు. మన దగ్గర రోగుల తరఫువాళ్లు ఈ ప్రశ్న అడగడమే చాలా అరుదు.

సెలైన్ బాటిల్‌లో కాస్త మిగిలి ఉండగానే పిలవండి, పూర్తిగా అయిపోయేదాకా ఆగొద్దు. మీరే మార్చడానికి మాత్రం చూడకండి.