16 కేబీ మెమరీలో దీవి అడ్వెంచర్ గేమ్ మొత్తం ఎలా పట్టింది?

పైరేట్ అడ్వెంచర్ గురించే అడుగుతున్నారనుకుంటా, 1979లో స్కాట్ ఆడమ్స్, ఆయన భార్య అలెక్సిస్ కలిసి చేసింది, టీఆర్‌ఎస్-80 అనే అప్పటి ఇంటి కంప్యూటర్‌లో క్యాసెట్ పెట్టి లోడ్ చేసుకునేవాళ్లు.

మొదటి సంగతి, అందులో బొమ్మలే లేవు. అంతా అక్షరాలే, అవీ పిసినారిగా వాడినవే. లండన్‌లో ఒక ఫ్లాట్‌లో మొదలవుతుంది, సరైన చోట "యోహో" అంటే దీవిలో తేలతాం, అక్కడ రమ్ సీసా చూస్తే మెత్తబడే పైరేటు, మొసళ్లు, పడవ కట్టాలి, కట్టాక మళ్లీ సముద్రం పోటు కోసం ఆగాలి, ఇంత కథ ఉన్నా ఒక్కో చోటికి వర్ణన ఒక ముక్క మాత్రమే.

రెండోది, రెండు మాటల కమాండ్లు. ఒక క్రియ, ఒక వస్తువు, అంతే. పైగా మాటలో మొదటి మూడు అక్షరాలే చూస్తుంది, మీరు "షవెల్" అని మొత్తం కొట్టినా దానికి కావాల్సింది ఎస్, హెచ్, ఓ.

అసలు తెలివి మాత్రం ఇంకోచోట ఉంది: గదులు, వస్తువులు, "ఇది ఉంటే ఇలా జరగాలి" అనే రూల్సు అన్నీ అంకెల టేబుల్‌లా పెట్టి, దాన్ని చదివి గేమ్ నడిపే చిన్న ప్రోగ్రాం, అంటే ఇంజిన్, ఆడమ్స్ విడిగా రాశాడు, అందుకే అదే ఇంజిన్‌తో వేరే గేములూ వచ్చాయి. 1980 డిసెంబర్ బైట్ అనే కంప్యూటర్ పత్రికలో, బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన దీని కోడ్ మొత్తం అచ్చేశారు కూడా, ఓపికున్నోళ్లు చూసి టైప్ చేసుకునేవాళ్లు.

అన్నట్టు నేను తెలుగులో రాసిన ఈ జవాబే రెండు కేబీ దాటుద్ది.