చమురు మడ్డి ప్రాజెక్టు ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: పెట్రోలియం ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. బరువు ముడిచమురు వదిలే మడ్డి సర్ఫాక్టెంట్ (సబ్బులా పనిచేసే రసాయనం) కలిపిన సాల్వెంట్లలో (కరిగించే ద్రవాల్లో) ఎంత వేగంగా కరుగుతుందో తేల్చే ప్రాజెక్టు ఇచ్చారు. దీనివల్ల ఉద్యోగావకాశాలు ఉంటాయా?
– ఓ విద్యార్థిని, కాకినాడ

జవాబు: ఉంటాయి. ట్యూబింగ్‌లో (బావిలోంచి చమురు పైకి వచ్చే గొట్టంలో), పైప్‌లైన్లలో, ట్యాంకుల అడుగున వ్యాక్స్ (మైనం), రెజిన్లు (జిగురు పదార్థాలు), ఆస్ఫాల్టీన్లు (చమురులోని బాగా బరువైన నల్లటి భాగం) పేరుకోవడం ప్రొడక్షన్ వాళ్లకు తీరని తలనొప్పి. రాజస్థాన్‌లోని మంగళ క్షేత్రం చమురులో వ్యాక్స్ ఎక్కువ కాబట్టే దాన్ని వేడిచేసే పైప్‌లైన్‌లో పంపుతున్నారు. కాకపోతే 'ఇంత శాతం కరిగింది' అన్న ఒక్క అంకెతో వెళ్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

స్టీలు జాలీ బుట్టలో 2 గ్రాముల మడ్డి ఉండ పెట్టి 20 మి.లీ. సాల్వెంట్‌లో ముంచండి. ఉండల సైజు మారితే వేగమూ మారుతుంది, అందుకే అన్నీ ఒకేలా చేయండి. 15, 30, 60, 120 నిమిషాలకు వేర్వేరు ఉండలు వాడండి. ఒక్కదాన్నే తీసి, తూచి, మళ్లీ ముంచొద్దు. బరువు నిలకడగా వచ్చేదాకా ఆరబెట్టి తూచండి. ఓవెన్ వేడి ఎక్కువైతే వ్యాక్స్ జాలీలోంచి కారిపోయి, కరగనిది కూడా కరిగినట్టు లెక్కలోకి వస్తుంది. ముంచని ఉండను కూడా అలాగే ఆరబెడితే ఆవిరైపోయే భాగమెంతో తెలుస్తుంది.

మిగిలిన బరువును మొదటి బరువుతో భాగించి, దాని సహజ లాగరిథమ్‌ను కాలంతో గ్రాఫ్ గీయండి. సరళరేఖ వస్తే దాని వాలే (మైనస్ గుర్తు తీసేసి) రేటు స్థిరాంకం, అంటే కరిగే వేగాన్ని చెప్పే అంకె. 30, 40, 50 డిగ్రీల దగ్గర చేస్తే యాక్టివేషన్ ఎనర్జీ (కరగడం మొదలవడానికి దాటాల్సిన శక్తి) వస్తుంది. కలియబెట్టినప్పుడు వేగం పెరిగితే, పగ్గం డిఫ్యూజన్ (కరిగిన పదార్థం ద్రవంలోకి వ్యాపించడం) చేతిలో ఉన్నట్టు.

అసలు చిక్కు ఆస్ఫాల్టీన్లతోనే. హెక్సేన్ వ్యాక్స్‌ను కరిగిస్తుంది కానీ వీటిని ముద్దగా వదిలేస్తుంది. వీటికి టోలుయిన్, జైలీన్ కావాలి. డోడెసిల్ బెంజీన్ సల్ఫోనిక్ యాసిడ్ లాంటి సర్ఫాక్టెంట్ వీటిని సన్న రేణువులుగా విడగొట్టి ద్రవంలో నిలబెడుతుంది. కాబట్టి బుట్ట ఖాళీ అయినంత మాత్రాన అంతా కరిగినట్టు కాదు. ద్రావణాన్ని వడపోసి, ఫిల్టరు మీద మిగిలింది విడిగా తూచి రిపోర్టులో చూపించండి. సర్ఫాక్టెంట్ 0.5, 1, 2 శాతాలతో పాటు సున్నా శాతం కూడా తప్పనిసరి, లేకపోతే పోల్చడానికేమీ ఉండదు. టోలుయిన్ ఫ్లాష్ పాయింట్ (ఆవిరికి నిప్పంటుకునే కనీస ఉష్ణోగ్రత) 4 డిగ్రీల దగ్గరే. ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిర్లను బయటికి లాగేసే ల్యాబ్ గూడులోనే) పని చేయండి, మంట దగ్గరికి రానీయొద్దు.

ఇదంతా చేస్తే ఫ్లో అష్యూరెన్స్ (పైపుల్లో చమురు ఆగకుండా పారేలా చూడటం), ప్రొడక్షన్ కెమిస్ట్రీ, ఆయిల్‌ఫీల్డ్ కెమికల్ కంపెనీల ఉద్యోగాలకు ధైర్యంగా దరఖాస్తు చేయొచ్చు. ఎంటెక్ చేయాలనుకుంటే గేట్ పెట్రోలియం పేపరు రాసి ధన్‌బాద్ ఐఐటీకి ప్రయత్నించండి. ఈలోగా రాజమహేంద్రవరం ఓఎన్‌జీసీలో ట్రైనింగ్ అవకాశం కోసం కాలేజీ ద్వారా ఉత్తరం పెట్టించండి.