మామునూరులో ఎయిర్‌పోర్టు వస్తే మా పాపకు అక్కడే ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మాది పరకాల. పాప ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసైంది. వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టు మొదలయ్యేసరికి చేతిలో సర్టిఫికెట్ ఉండాలని, హైదరాబాద్‌లో ఏడాది ఎయిర్‌పోర్ట్ మేనేజ్‌మెంట్ డిప్లొమాలో చేర్పిద్దామనుకుంటున్నా. ఫీజు లక్షన్నర, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఇది మంచిదా, బీఎస్సీనా, ఏఎంఈనా? బిడ్డ ఇంటికి దగ్గర్లో ఉండాలన్నది మా ఆశ.

జవాబు: అసలు ప్రశ్న మీ చివరి వాక్యంలో ఉంది. అనుమతి వార్త వచ్చినప్పటి నుంచి ఉమ్మడి వరంగల్ తల్లిదండ్రులు ఎందరో ఇదే మాట అడుగుతున్నారు. పిల్లను దూరం పంపాలంటే భయం ఉండటం సహజమే. కానీ ఆ భయంతో కోర్సు ఎంచుకుంటే నష్టపోయేది పాపే.

మామునూరు కోసం ఓరుగల్లు చాలా ఏళ్లు ఎదురుచూసింది. నిజాం కాలంలో కట్టిన ఎయిర్‌పోర్టు అది, 1981 దాకా అక్కడ విమానాలు దిగాయి. తర్వాత, శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు 25 ఏళ్ల పాటు మరో ఎయిర్‌పోర్టు రాకూడదన్న ఒప్పందం అడ్డుపడింది. శంషాబాద్ ఎయిర్‌పోర్టును నడిపే జీఎంఆర్ ఒప్పుకున్నాక 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. అనుమతి వచ్చేనాటికి ఉన్న 696 ఎకరాలకు తోడు ఇంకో 253 ఎకరాలు సేకరించాల్సి ఉంది, రన్‌వేను 2,800 మీటర్లకు పెంచాల్సి ఉంది. ఇవన్నీ పూర్తయ్యే తేదీని నమ్ముకుని ఏడాది డిప్లొమా చేయించడం ఏం లెక్క?

ఇక ఆ డిప్లొమాల మీద నా అనుమానం సూటిగా చెప్తాను. ఎయిర్‌పోర్టు ఒకటే అయినా లోపల యజమానులు వేరు. ప్రభుత్వం నడిపే ఎయిర్‌పోర్టుల్లో కంట్రోల్ టవర్, ఫైర్ సర్వీసు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీవి. సెక్యూరిటీ చూసేది సీఐఎస్ఎఫ్ లేదా రాష్ట్ర పోలీసులు. కౌంటర్లు, బ్యాగేజీ ఎయిర్‌లైన్స్‌వి, వాళ్లు పెట్టుకున్న ఏజెన్సీలవి. డిప్లొమా వాళ్లు చూపించే ఉద్యోగాలు ఎక్కువగా ఈ చివరి రకానివే. చిన్న ఎయిర్‌పోర్టులో పొద్దున కౌంటర్లో బోర్డింగ్ పాస్ ఇచ్చిన అమ్మాయే కాసేపటికి గేటు దగ్గర ప్రయాణికులను పంపిస్తూ కనిపిస్తుంది. తక్కువ మందితోనే పని నడిచిపోతుంది. ఆ పని డిగ్రీ చేసినవాళ్లకూ ఇస్తారు, కావాల్సిన ట్రైనింగ్ చేరాక ఇస్తారు. పైగా ఆ ఉద్యోగం విమాన సర్వీసుతో ముడిపడి ఉంటుంది. చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కేంద్ర పథకం ఉడాన్ కింద 2017లో కడపకు విమానాలు మొదలుపెట్టిన సంస్థ 2022 కల్లా ఆగిపోయింది. ఎయిర్‌పోర్టు మాత్రం అక్కడే ఉంది.

‘గ్యారంటీ’ అన్న మాటను ఆ సంస్థను కాగితం మీద రాసివ్వమనండి. ఏ కంపెనీలో, ఏ ఊళ్లో, ఎంత జీతమో కూడా రాయమనండి. రాయకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఎంపీసీ చదివిన బిడ్డ చేతిలో అంతకన్నా పెద్ద అవకాశం ఉంది. ఫిజిక్స్, మ్యాథ్స్ ఉన్న బీఎస్సీ చేస్తే టవర్ నుంచి విమానాలకు దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పరీక్షకు అర్హత వస్తుంది. బీటెక్ చేసినా రాయొచ్చు. డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల దోస్త్‌లో పెట్టుకుంటే హన్మకొండలోనే చదువుకోవచ్చు, ఆ మూడేళ్లూ పాప మీ కళ్ల ముందే ఉంటుంది. పోస్టింగ్ మాత్రం దేశంలో ఎక్కడైనా పడొచ్చు, ఆ సంగతి ఇప్పుడే మనసుకు చెప్పుకోండి. ఒకవేళ ఆ ఉద్యోగం రాకపోయినా బీఎస్సీ వృథా కాదు: బీఈడీ ఉంది, ఎమ్మెస్సీ ఉంది, గ్రూప్స్ ఉన్నాయి. ఏఎంఈ విమానాల రిపేరు చదువు. చేతిపని మీద ఇష్టం ఉంటే మంచిదే, కాకపోతే విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ గుర్తింపు చూసుకోకుండా ఫీజు కట్టొద్దు. పెద్ద హ్యాంగర్లు పెద్ద నగరాల్లోనే ఉంటాయి కాబట్టి మీ ‘దగ్గర్లో’ అన్న ఆశ దానితోనూ తీరదు.

ఒక మాట కటువుగానే అంటాను. ఇంత ఉత్తరంలో ఫీజు ఎంతో రాశారు, మీ ఆశ రాశారు. పాపకు ఏమిష్టమో ఒక్క ముక్క లేదు. ఆ పిల్లకు లెక్కలంటే ఇష్టమా, నైట్ షిఫ్టు చేయగలదా, మనుషులతో మాట్లాడటం బాగుంటుందా, రోజంతా స్క్రీన్ ముందు కూర్చోవడం బాగుంటుందా, ఇవి అడిగారా? ఇష్టం లేని చదువులో కూర్చోబెట్టి దగ్గరే ఉందని సంబరపడితే ఏం లాభం?

భయపడకండి, మంచి మార్కులున్న ఎంపీసీ పిల్లకు దారులు మూసుకుపోవు. దోస్త్ గడువు దాటకముందే పాపతో కూర్చుని మాట్లాడండి. మళ్లీ రాసేటప్పుడు ఆ ఉత్తరం తననే రాయమనండి.