తెల్ల సిమెంటు పూసినా స్లాబు ఎందుకు చెమ్మగిలుతోంది?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గరి పల్లె. మేడ మీది బాత్‌రూమ్ కింద, వంటగది స్లాబుకు తడి మచ్చ వచ్చింది. మేస్త్రీ టైల్స్ సందుల్లో మూడుసార్లు వైట్ సిమెంట్ నింపినా రెండు నెలలకే మచ్చ మళ్లీ కనబడుతోంది. కింది పడకగది గోడ అడుగున కూడా ఉప్పు లేచి సున్నం రాలుతోంది. రెండింటికీ కారణం ఒకటేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఒకటి కాకపోవచ్చు. గోడ సంగతి ముందు చూద్దాం. మన డెల్టాలో భూగర్భజలం పైపైనే ఉంటుంది కనుక, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఆ చెమ్మ తగ్గి, నీళ్లు వదిలాక మళ్లీ పెరుగుతూ ఉంటే, అది పునాది గుండా నేల నుంచి ఎక్కుతున్న తేమ అనుకోవచ్చు. దానికి బాత్‌రూమ్ మరమ్మతు పనికిరాదు.

స్లాబు మచ్చకు మాత్రం కారణం పైన వెతకాలి. ఆ బాత్‌రూమ్‌ను వారం రోజులు వాడకుండా ఉంచండి. పైపుల్లో నీళ్లు మాత్రం ఆపవద్దు. అయినా మచ్చ ఆరకపోతే గోడలోని నీటి పైపును అనుమానించాలి. ఆరితే, నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు మురుగు పైపులోకి దిగే జాలీ కింది గిన్నె) నోటిని గుడ్డతోనూ ప్లాస్టిక్ కవరుతోనూ గట్టిగా బిగించి, గడప దాటకుండా రెండు అంగుళాల లోతు నీళ్లు నిలిపి, గోడ మీద పెన్సిలుతో గీత పెట్టి 24 గంటలు వదిలేయండి. ఆవిరైన నీటి లెక్క తెలియడానికి అదే గదిలో ఒక బకెట్‌లోనూ నీళ్లు పోసి గీత పెట్టుకోవాలి. బకెట్‌లో కంటే నేల మీద నీరు బాగా తగ్గినా, కింద మచ్చ తడిసినా నేలలోనే దారి ఉన్నట్టు. అలా జరగక, అడ్డు తీసి నీటిని ఒక్కసారిగా వదిలాక మచ్చ తేలితే, లోపం ట్రాప్ అతుకులోనో మురుగు పైపులోనో ఉంటుంది. నా అనుభవంలో ఎక్కువ ఇళ్లలో దొంగ ఈ ట్రాప్ అంచే.

అక్కడైతే చుట్టూ ఉన్న టైల్స్ తీయించి, పెళుసుబారిన సిమెంటును చెక్కి, పూర్తిగా ఆరాక, కుంచించుకుపోని గ్రౌట్ (సందులు పూడ్చే ముద్ద) నింపి, ట్రాప్ అంచు మీదికి వచ్చేలా పాలిమర్ వాటర్‌ప్రూఫింగ్ పూత రెండుసార్లు వేయించాలి. టైల్స్ సందుల్లోని వైట్ సిమెంట్ నీటిని పీలుస్తుంది, క్రమంగా పొడిబారుతుంది. దాన్ని గీకించి, నీరు పీల్చని ఎపాక్సీ గ్రౌట్ పెట్టించండి. గోడ, నేల కలిసే మూలల్లో స్వల్పమైన కదలిక ఉంటుంది కాబట్టి అక్కడ సాగే గుణమున్న సిలికాన్ సీలెంట్ వాడాలి. అయితే పాత సిలికాన్ మీద కొత్తది అంటదు, తడి మీద అసలే అంటదు. అందుకే ఈ పని ముసురు రోజుల్లో పెట్టుకోకండి.

బాత్‌రూమ్ టైల్స్‌కూ స్లాబుకూ మధ్య నింపిన మట్టిలో నీరు నిలిచి ఉంటే, పైన ఎన్ని పూతలు వేసినా ఆ నీరు నెలల తరబడి కిందికి దిగుతూనే ఉంటుంది. అప్పుడు తవ్వించక తప్పదు, ఖర్చూ పెరుగుతుంది. పని పూర్తయి, పూతలు గట్టిపడ్డాక పెన్సిలు గీత పరీక్ష మళ్లీ చేయించి, మేస్త్రీకి మిగతా డబ్బు ఆ తర్వాతే ఇవ్వండి. వంటగది స్లాబుకు రంగు మాత్రం మచ్చ పూర్తిగా ఆరేదాకా వేయించకండి.