టెక్ సందేహాలు: వ్యాక్స్ టెర్మినల్ మీద ఐబీఎం తెర ఎలా వచ్చేది?

సందేహం: మా నాన్నగారు ఎనభైల్లో డెక్ వారి వ్యాక్స్ మినీ కంప్యూటర్ మీద పనిచేశారు. అదే టెర్మినల్ నుంచి ఎక్కడో ఉన్న ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లోకి కూడా లాగిన్ అయ్యేవారట. రెండూ వేరే కంపెనీలవి, అక్షరాల కోడ్ కూడా వేరు. అదెలా కుదిరింది?

జవాబు: అబద్ధమాడితే కుదిరింది. మినీలో ఉన్న ఎమ్యులేషన్ సాఫ్ట్‌వేర్, అంటే మరో యంత్రంలా నటించే ప్రోగ్రామ్, మెయిన్‌ఫ్రేమ్‌తో ‘నేను 3270 కంట్రోలర్‌ని’ అని చెప్పుకునేది. 3270 అంటే ఐబీఎం వారి టెర్మినళ్ల కుటుంబం. అసలు కంట్రోలర్ అంటే 32 దాకా టెర్మినళ్లనీ ప్రింటర్లనీ ఒకే లైన్ మీదకు తెచ్చే పెట్టె. మెయిన్‌ఫ్రేమ్ అడిగినప్పుడల్లా ఆ పెట్టె ఇచ్చే జవాబులే ఇస్తే చాలు, అవతల ఉన్నది వ్యాక్స్ అని దానికి తెలిసే దారే లేదు.

అసలు కష్టం తెర దగ్గర. మీ నాన్నగారి ముందున్నది బహుశా డెక్ వారి వీటీ100 టెర్మినల్ లాంటిది. దాంట్లో ఒక మీట నొక్కగానే ఆ అక్షరం కంప్యూటర్‌కి వెళ్లి, తిరిగొచ్చి తెర మీద పడుతుంది. 1971లో వచ్చిన 3270 తీరు వేరు. అది ఫారం లాంటిది. 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు, మొత్తం 1,920 గళ్లు. మెయిన్‌ఫ్రేమ్ ఫారం పంపి ఊరుకుంటుంది. మీరు నింపుతారు, తప్పు దిద్దుకుంటారు, అదేమీ దానికి పట్టదు. ఎంటర్ కొట్టాకే, అదీ మీరు మార్చిన గళ్లు మాత్రమే, ఒక్కసారిగా వెళతాయి. ఒక్క మెయిన్‌ఫ్రేమ్ వేల టెర్మినళ్లను మోయగలిగిందంటే ఇదో పెద్ద కారణం.

కాబట్టి మినీలోని ప్రోగ్రామ్ ఆ 1,920 గళ్ల ఫారాన్ని తన మెమరీలో పెట్టుకుని, మీరు నొక్కే ప్రతి అక్షరాన్నీ తనే చూసుకునేది. ముట్టుకోకూడని గడిలో టైప్ చేస్తే అక్కడే ఆపేసేది. పంపేటప్పుడు ఆస్కీని (వ్యాక్స్ వాడే అక్షరాల కోడ్) ఎబ్సిడిక్‌లోకి (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ కోడ్) మార్చేది. ఇంగ్లిష్ పెద్ద ‘ఏ’ ఆస్కీలో హెక్స్ (పదహారు అంకెల లెక్క) 41 అయితే, ఎబ్సిడిక్‌లో సీ1. మీటల తంటా మరోటి. 3270లో 24 దాకా పీఎఫ్ మీటలు (ప్రోగ్రామ్ ఒక్కో పని అప్పగించే ప్రత్యేక మీటలు) ఉండేవి, వీటీ100లో నాలుగే. మిగతావాటికి ఎస్కేప్ నొక్కి ఇంకో మీట నొక్కడం లాంటి జంట మీటలు గుర్తుపెట్టుకోవాలి. కీబోర్డ్ పక్కన ఓ చీటీ అంటించి ఉండేదా అని మీ నాన్నగారిని అడగండి, నవ్వుతారు.

తెరతో పనిలేని చోట మినీ ఏకంగా, రంధ్రాల కార్డులు చదివే కార్డు రీడర్ వేషం కట్టేది. ఐబీఎం వారి 2780, 3780 యంత్రాల ఎమ్యులేషన్ అంటే అదే. మినీలోని ఫైలు 80 అక్షరాల కార్డుల కట్టలా జాబ్‌గా వెళ్లేది, ఫలితం ప్రింటర్‌కి వచ్చినట్టు వెనక్కి వచ్చేది. అటు కార్డూ లేదు, ఇటు రీడరూ లేదు!

సందేహం: ఆఫీసులో 3270 ఎమ్యులేటర్ వాడుతున్నాను. ఉన్నట్టుండి కింద ‘ఎక్స్’ గుర్తు వచ్చి కీబోర్డ్ బిగుసుకుపోతుంది. విండో మూసి మళ్లీ తెరుస్తున్నాను. సరైన పద్ధతేనా?

జవాబు: కాదు, టెన్షన్ పడకండి. ఎక్స్ పక్కన ఏముందో చూడండి. గడియారం బొమ్మో, సిస్టమ్ అన్న మాటో ఉంటే మెయిన్‌ఫ్రేమ్ ఇంకా మీ పనిలోనే ఉందని అర్థం, ఆగండి. మనిషి బొమ్మో, రెండు వైపులా బాణాలో ఉంటే మీరు రాయకూడని చోట టైప్ చేశారు. రీసెట్ నొక్కి కర్సర్ జరపండి. విండో మూసేస్తే అటువైపు మీ సెషన్ అలాగే ఉండిపోవచ్చు. మళ్లీ టీఎస్‌ఓలోకి (మెయిన్‌ఫ్రేమ్‌లో లాగిన్ అయి పనిచేసే చోటు) వెళ్తే ‘ఈ యూజర్ ఐడీ వాడుకలో ఉంది’ అంటుంది. అప్పుడు లాగాన్ తెరలో రీకనెక్ట్ ఎంచుకోండి.

ఇంకో మాట. చాలా ఎమ్యులేటర్లలో కుడివైపు కంట్రోల్ మీటే అసలు ఎంటర్. మామూలు ఎంటర్ కర్సర్‌ని కింది వరుసకు దించుతుందంతే. పాత కీబోర్డ్‌లో ఎంటర్ అక్కడే ఉండేది మరి. ఇది తెలియక మొదటి రోజు నేను పది నిమిషాలు ఎంటర్ మీద ఎంటర్ కొట్టి, లైన్ పోయిందని ఫిర్యాదు కూడా చేశాను.

సందేహం: మెయిన్‌ఫ్రేమ్‌లో సీ ప్రోగ్రామ్ రాస్తూ [ ] బ్రాకెట్లు పెడితే కంపైలర్ తప్పంటోంది. తెర మీద మాత్రం బాగానే ఉన్నాయి.

జవాబు: తెరను నమ్మకండి. ఎబ్సిడిక్ ఒకటి కాదు, చాలా కోడ్ పేజీలు, అంటే ఏ అక్షరానికి ఏ కోడో చెప్పే పట్టికలు, ఉన్నాయి. ఎడమ బ్రాకెట్ 037 అనే పేజీలో హెక్స్ బీఏ, 1047లో ఏడీ. మీ ఎమ్యులేటర్ 037లో ఉండి, కంపైలర్ 1047 అనుకుంటే, మీరు రాసిన బ్రాకెట్ దానికి నెత్తిన గీతున్న ‘వై’ అక్షరంలా కనిపిస్తుంది. సెషన్ సెట్టింగ్స్‌లో హోస్ట్ కోడ్ పేజీని 1047 చేయండి. ఇప్పటికే రాసిన ఫైల్లో బ్రాకెట్లు అన్నీ మళ్లీ కొట్టాలి, సెట్టింగ్ మారిస్తే పాత బైట్లు మారవు.

సందేహం: ఇవన్నీ ఇంట్లో నేర్చుకోవచ్చా?

జవాబు: హెర్క్యులిస్ అనే ఉచిత మెయిన్‌ఫ్రేమ్ ఎమ్యులేటర్‌లో పాత ఐబీఎం ఆపరేటింగ్ సిస్టమ్ ఎంవీఎస్ 3.8 నడుస్తుంది. ఎక్స్3270 అనే టెర్మినల్ ఎమ్యులేటర్‌తో దానికి కనెక్ట్ అవ్వండి. మామూలుగా పోర్ట్ నంబర్ కూడా 3270.